కమసాన్ ప్రయాణానికి తోడ్పడిన పెద్దలకూ మిత్రులకూ కృతజ్ఞతలు

ఈ వేసవి సెలవుల్లో ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి వెళ్ళి, అక్కడ స్థిరపడిన నా స్నేహితురాలిని, ఆమె ద్వారా పరిచయమైన కమసాన్ గ్రామ చిత్రకారులను కలుసుకుని క్షేమంగా హనుమకొండ చేరుకున్నాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ, గుడ్డ పటాల మీద కథలను వరుసగా చిత్రించే చేర్యాల నకాషీ బొమ్మలను గురుముఖంగా నేర్చుకుని వేస్తున్న నాకు ఇది మొదటి విదేశీ ప్రయాణం. ఇది నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఎవరు ఏ సాయం చేశారో నలుగురికీ తెలియాలన్న కోరికతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివినప్పుడు ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

ప్రభుత్వ ఉపాధ్యాయులు దేశం దాటి వెళ్ళాలంటే శాఖ అనుమతి ఉండాలి. నా దరఖాస్తును స్వయంగా సిఫారసు చేసి పంపిన మా ప్రధానోపాధ్యాయురాలు గారికి, నిరభ్యంతర పత్రం సెలవుల లోపే నా చేతికి అందేలా ఫైలును కదిలించిన కార్యాలయ సిబ్బందికి నమస్కారాలు. టికెట్టు ఖర్చులో సగానికి పైగా తోటి ఉపాధ్యాయులూ నా పూర్వ విద్యార్థులూ సమకూర్చారు. వారిలో ఒక అబ్బాయి కాజీపేటలో ఆటో నడుపుకుంటూ కూడా తన వంతు ఇచ్చాడు, వద్దంటే నొచ్చుకున్నాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఫోటోలకు ఫ్రేములు కట్టే సోదరుడు, కమసాన్ వారికి చూపించడానికి నేను వేసిన పటం నలగకుండా చుట్టి పెట్టుకునేందుకు మూత ఉన్న గట్టి గొట్టాన్ని చేసి పైసా పుచ్చుకోకుండా ఇచ్చాడు.

చేర్యాలలోని మా గురువుగారి కుటుంబానికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 వరకు మా వరంగల్ జిల్లాలోనిదే కాబట్టి ఆ ఇంటికి వెళితే పుట్టింటికి వెళ్ళినట్టే ఉంటుంది. పటానికి గుడ్డ సిద్ధం చేయడమే ఒక పెద్ద పని. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి తీసిన జిగురులో గంజి, సుద్దమట్టి, చెట్టు బంక కలిపి ఖద్దరు గుడ్డకు పూయాలి. ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. అట్లా మూడు పూతలైతే గాని గుడ్డ రంగును పట్టుకోదు. పరీక్షల కాలంలో నాకు తీరిక దొరకదని తెలిసి, గురువుగారి ఇంట్లోని ఆడవాళ్ళు ఆ పనంతా తామే చేసి, ఎర్రరంగు కోసం దాచుకున్న ఇంగిలీకంలో కొంత కూడా నాకు కట్టి ఇచ్చారు. ఇప్పుడు బజారులో డబ్బా రంగులు దొరుకుతున్నా, కమసాన్ వారికి చూపించబోయే పటం పాత పద్ధతిలోనే ఉండాలని పట్టుబట్టినది వాళ్ళే. ఆ పట్టుదల ఎంత సరైనదో అక్కడికి వెళ్ళాక నాకు అర్థమైంది.

పటం గోడకు తగిలించుకునే వస్తువు మాత్రమే కాదు, దాన్ని విప్పుతూ కథ చెప్పేవారు ఉంటేనే దానికి నిండుతనం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకి పడగల వారు, ఇట్లా ఒక్కొక్క కులానికి తమ కథకులు ఉన్నారు. నేను భీముడు బకాసురుణ్ణి చంపిన ఘట్టాన్ని పటంగా వేశానని తెలిసి, కాకి పడగల కథ చెప్పే ఒక పెద్దాయన తమ ఇంటి వాకిట్లో కూర్చుని, బండెడు అన్నంతో భీముడు బయలుదేరడం మొదలు బకుడు నేల కూలే దాకా పాడి, నా ఫోనులో రికార్డు చేసుకోనిచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆడి భీముడు ఎట్లుంటడో సూసొచ్చి నాకు చెప్పు బిడ్డా, అదే చాలు" అన్నారు.

శంషాబాద్ విమానాశ్రయంలో గొట్టాన్ని చేతి సామానుగా తీసుకువెళ్ళడానికి వీల్లేదన్నప్పుడు, వెనుక వరుసలో నిలబడ్డ కోరుట్ల అన్న ముందుకు వచ్చి, లోపల ఉన్నది చేత్తో వేసిన బొమ్మ అని ఓపికగా వివరించి ఒప్పించాడు. మలేషియాలో పనిచేసే ఆయన కౌలాలంపూర్‌లో నేను విమానం మారే చోటు వరకు వెంట వచ్చి దారి చూపాడు. ఆయన ఊరు తప్ప మరేమీ అడగలేకపోయాను. ఈ మాటలు ఎవరి ద్వారానైనా ఆయనకు చేరాలని నా కోరిక.

బాలిలోని దెన్‌పసార్‌లో దిగాక తీసుకునే వీసాకు ఐదు లక్షల రూపియాలు కట్టాలి. మన డబ్బులో అది మూడు వేల లోపే. ఆ లెక్కలన్నీ ముందే రాసి పంపిన నా స్నేహితురాలు పరకాల పిల్ల. హైదరాబాదులో నాతో పాటు చిత్రకళ చదివి, పెళ్ళయ్యాక బాలిలో బాతిక్ (మైనంతో అద్దకం వేసే) వస్త్రాలపై పని చేస్తున్నది. వాళ్ళమ్మగారు పంపిన సకినాలు చూడగానే ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఇంట్లో చోటిచ్చి, వండి పెట్టి, తన పనులన్నీ పక్కన పెట్టి నా వెంట తిరిగి, నా తెలుగును వారికీ వారి మాటను నాకూ చేరవేసిన ఆమెకు, నన్ను ఇంటి ఆడపడుచులా చూసుకున్న ఆమె భర్తకు ఎన్ని విధాల చెప్పినా తక్కువే.

కమసాన్ ఊరు క్లుంగ్‌కుంగ్ జిల్లా కేంద్రమైన సెమరపురను ఆనుకుని ఉంటుంది. ఊరి పిల్లలకు బొమ్మలు నేర్పి ఎందరినో తీర్చిదిద్దిన న్యోమాన్ మాంద్రా 2018లో కన్నుమూశారు. ఆయన పేరు ఎత్తితే ఇప్పటికీ ఊరి వారి గొంతు మారుతుంది. నన్ను ఆదరించిన ఇంట్లో ఒక పెద్దామె, ఆమె కొడుకు, కోడలు అందరూ బొమ్మలు వేస్తారు. వారు గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నునుపు చేస్తారు. నేను పటం విప్పగానే పెద్దామె బొమ్మ వైపు చూడకుండా, ముందు గుడ్డను తిప్పి వెనుక వైపు చూసింది. అంచును గోటితో గీరింది. పూతను వాసన చూసింది. చింతగింజ అని చెప్పించగానే నవ్వి, లోపలి నుంచి తన గవ్వ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్రరంగు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. చీనా దేశం నుంచి వచ్చే ఇంగిలీకాన్నే వారి పూర్వులూ వాడారు. డబ్బా రంగుతో వేసి ఉంటే ఆ వేలు అక్కడ ఆగేది కాదు.

తరువాత నా ఫోనులో ఉన్న కాకి పడగల పెద్దాయన గొంతు వినిపించాము. భాష ఒక్క ముక్క తెలియకపోయినా, బండి దగ్గర భీముడు కూర్చుని అన్నం తింటున్న గడికి వచ్చేసరికి పిల్లలు కథ పసిగట్టి కేరింతలు కొట్టారు. వారికి ఆ కథ కొత్త కాదు. 10వ శతాబ్దం చివర పక్క ద్వీపమైన జావాలో, ఈ కథ ఉన్న ఆదిపర్వాన్ని ప్రాచీన జావా భాషలో వచనంగా రాశారు. మన నన్నయ భట్టారకుడు తెలుగు చేసింది ఆ తరువాతి శతాబ్దంలో. ఇంత దగ్గర కాలంలో ఒకే కథ రెండు తీరాలలోనూ దేశభాషలోకి దిగిందని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని తలచుకున్నప్పుడు ఒళ్ళు పులకరించింది. మన పటం పై నుంచి కిందికి విప్పుకుంటూ పోతే, వారి ఇదెర్-ఇదెర్ అనే సన్నని పొడవాటి గుడ్డ గుడి మండపాల చూరు చుట్టూ అడ్డంగా సాగుతుంది. రెండింటిలోనూ నల్లని గీత చివరన పడుతుంది, ఆ గీతతోనే ముఖానికి ప్రాణం వస్తుంది.

సెమరపురలోని కెర్త గోస మండపాన్ని కూడా వారే దగ్గరుండి చూపించారు. 1908లో డచ్చి సేనల దాడిలో రాజభవనం చాలావరకు నాశనమైనా ఈ న్యాయ మండపం మిగిలింది. దాని పైకప్పు మీద ఎక్కువ భాగం, నరకంలో ఉన్న పాండురాజునూ మాద్రినీ విడిపించడానికి వెళ్ళిన భీముడి కథ ఉంది. నలుపు తెలుపు గళ్ళ పంచె, పొడవాటి బొటనవేలి గోరు, పెద్ద కళ్ళు, ఇదీ వారి భీముడు. తిరిగి రాగానే ఈ సంగతి పెద్దాయనకు చెప్పాను. మొత్తం విని, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుని, "మన కతల ఇది లేదు గని, భీముడు చేసే పనే అది" అన్నారు. ఆయన నాకు అప్పగించిన పని అట్లా పూర్తయింది.

పటాన్ని, ఆ పాట రికార్డును కమసాన్‌లోని ఆ ఇంటికే ఇచ్చి వచ్చాను. మా విద్యార్థులు కొబ్బరి చిప్పలపై చింతగింజల జిగురు, రంపపు పొట్టు మెత్తి చేసిన ముఖాలు అక్కడి పిల్లలకు పంచాను. వారు వేసి ఇచ్చిన బొమ్మలను, పెద్దామె ఇచ్చిన ఇదెర్-ఇదెర్ ముక్కను జూన్‌లో బడి తెరిచాక మా డ్రాయింగ్ గదిలో ఉంచుతాము. అందిన సొమ్ము, అయిన ఖర్చు లెక్క ప్రధానోపాధ్యాయురాలి గారికి అప్పగించాను, ఎవరైనా చూడవచ్చు. మిగిలిన కొద్ది మొత్తంతో పిల్లలకు కుంచెలు కొంటున్నాము.

పెద్దామె కొడుకు, కోడలు రాబోయే చలికాలంలో వరంగల్ వచ్చి చేర్యాల చూడాలనుకుంటున్నారు. వారికి హనుమకొండలో గానీ చేర్యాలలో గానీ కొన్నాళ్ళు ఇంట్లో ఒక గది ఇవ్వగలిగినవారు నాకు తెలియజేస్తే, వారి టికెట్లు తీసుకోకముందే మాట ఇవ్వగలుగుతాను.