జపాన్ ఆయిస్టర్లకు వేసవి కాదు, సంక్రాంతి సెలవులు మేలు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే పత్రికల ప్రయాణాల పేజీల్లోకి జపాన్ వచ్చేస్తుంది. టోక్యో, క్యోటో, ఆ తర్వాత హిరోషిమా. హిరోషిమా దగ్గర ‘ఇక్కడి ఆయిస్టర్లు తినకుండా రావొద్దు’ అని ఒక వాక్యం తప్పదు. మాట నిజమే, జపాన్‌లో పెంచే ఆయిస్టర్లలో (తినే ఆల్చిప్పల్లో) సగానికి పైగా ఆ ప్రాంతానివే. ఏ నెలలో తినాలో మాత్రం ఎవరూ రాయరు. విజయవాడ, గుంటూరు కుటుంబాలు పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో బయల్దేరతాయి. అక్కడ ఆయిస్టర్ల కాలం ముగిసేది సరిగ్గా అప్పుడే.

జపాన్‌లో ఎక్కువగా తినేవి రెండు రకాలు. మగకి చలికాలపుది. నీళ్లు చల్లబడేకొద్దీ ఒంట్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ చేసుకుని కండ పడుతుంది, దాని తీపి అంతా అదే. వేసవిలో గుడ్లు పెట్టడానికి ఆ నిల్వను ఖర్చు పెట్టేసి పలచబడి, నీరునీరుగా తయారవుతుంది. హిరోషిమా, మియాగి, ఒకాయామా, ఫుకువోకా పేర్లతో వినేదంతా దాదాపు ఇదే. రెండోది ఇవగకి, అరచేయంత ఉండే రాతి ఆయిస్టర్. ఇది గుడ్లను ఒక్కసారిగా కాక విడతలుగా వదులుతుంది కాబట్టి వేసవిలోనూ కండ తగ్గదు. జపాన్ సముద్రం వైపున తొత్తోరి, అకిత తీరాల్లో జూన్ నుంచి ఆగస్టు దాకా దొరుకుతుంది.

కాబట్టి ఆయిస్టర్ల కోసమే వెళ్లేవారికి సంక్రాంతి సెలవులను మించిన అదను లేదు. పండక్కి ఇంట్లో లేకపోతే అత్తగారివాళ్లు ఏమంటారన్నది వేరే సంగతి. జనవరి 1 నుంచి 3 దాకా అక్కడ చాలా కొట్లు మూసి ఉంటాయి. జనవరి రెండో సోమవారం జాతీయ సెలవు కాబట్టి దానికి ముందున్న శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం. ఆ తర్వాతి మంగళ, బుధవారాలు పెట్టుకుంటే హాయి.

మొదటిసారి వెళ్లేవారికి హిరోషిమా కన్నా ఫుకువోకా పక్కనున్న ఇతోషిమా నయం. చలికాలంలో అక్కడి చేపల రేవుల్లో జాలరి కుటుంబాలే ఆయిస్టర్లు కాల్చుకుని తినే ‘కకి-గోయా’ అనే గుడిసెలు వేస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా నడుస్తాయి. ఫుకువోకా విమానాశ్రయంలో సబ్‌వే ఎక్కితే అదే లైను జేఆర్ (జపాన్ రైల్వే) చికుహి లైనుగా ఇతోషిమా వైపు సాగుతుంది. కఫురి రేవుకు స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. ఆయిస్టర్లను చిప్పలతో కిలో లెక్కన అమ్ముతారు, కిలోకు పదికి అటూఇటూ తూగుతాయి. బొగ్గులకు డబ్బు వేరు. కాల్చుకోవడం మన పనే.

మన తీరంలో ఆల్చిప్పలు సున్నం బట్టీకి పోయేవే గానీ పళ్లెంలోకి వచ్చేవి తక్కువ. అందుకే ఈ కాల్చే పని కొంచెం వివరంగా చెప్పాలి. ముందు చిప్పలు చూడాలి. నోరు తెరుచుకుని ఉండి, పట్టకారుతో తట్టినా మూసుకోకపోతే అది చచ్చింది, పక్కన పెట్టేయాలి. ఆయిస్టర్‌కు ఒక చిప్ప చదునుగా, ఇంకొకటి లోతుగా ఉంటుంది. మొదట చదును వైపు నిప్పు మీదికి పెట్టాలి. మూడు నాలుగు నిమిషాల్లో అంచుల్లో నురుగు పొంగుతుంది. అప్పుడు తిప్పి, లోతు చిప్పను కిందికి చేయాలి. ఇలా చేస్తే చదును చిప్పను పట్టుకున్న కండరం వేడికి వదులవుతుంది, ఊరిన రసం గుంటలోనే నిలుస్తుంది. వరస తిరగబడితే తెరిచేటప్పుడు రసమంతా బొగ్గుల పాలవుతుంది. నోరు తెరవగానే ఉడికిందనుకోకూడదు. లోపలి రసం తెర్లుతూ మరో రెండు మూడు నిమిషాలు ఉండాలి, కండ బిగిసి అంచులు ముడతలు పడాలి. జపాన్ ఆరోగ్య శాఖ చెప్పే లెక్క ప్రకారం కండ మధ్యభాగం 85 నుంచి 90 డిగ్రీల వేడిలో కనీసం 90 సెకన్లు ఉండాలి.

కొన్ని మొరాయిస్తాయి. గుడిసెవాళ్లు ఇచ్చే పొట్టి కత్తిని పక్కనుంచి దూర్చి కండరాన్ని కోయాలి. ఆయిస్టర్ కీలు (రెండు చిప్పలు అతుక్కుని ఉండే కొస) మన వైపు, లోతు చిప్ప కింద ఉండేలా పట్టుకుంటే ఆ కండరం కుడి పక్కన, కీలు నుంచి మూడింట రెండొంతుల దూరంలో ఉంటుంది. చేతికి గ్లౌజు లేకుండా ఈ పని వద్దు.

చిప్ప పొరల మధ్య ఇరుక్కున్న నీరు ఆవిరై ముక్కలు ఎగురుతాయి. టపాకాయ మోతే! అందుకే చాలాచోట్ల ముందే పైచొక్కా ఇస్తారు. ముఖం పొయ్యి మీదికి వంచకూడదు, పిల్లల్ని బల్ల అంచుకు దూరంగా కూర్చోబెట్టాలి. పొగ వాసన బట్టలకు పట్టేస్తుంది, మంగళగిరి పట్టు ఆ రోజుకు సూట్‌కేసులో ఉండటమే మంచిది. పచ్చివి ముట్టిన పట్టకారుతో కాలినవి తీయకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. కాల్చి తిన్నా కడుపు పాడైందనేవారు చాలాసార్లు మరిచేది ఇదే.

పచ్చి ఆయిస్టర్ల మీద మనవాళ్లలో ఒక అపోహ ఉంది, తాజాగా ఉంటే చాలని. అక్కడ ప్యాకెట్ల మీద రెండు ముద్రలు ఉంటాయి: పచ్చిగా తినేదానికి ‘నమ-షోకు-యో’, వండేదానికి ‘కనెత్సు-యో’. ఈ తేడా తాజాదనానికి సంబంధించింది కాదు. పచ్చిగా తినేవాటిని శుభ్రమైనవిగా గుర్తించిన సముద్ర ప్రాంతాల నుంచి తెస్తారు, లేదా శుద్ధిచేసిన సముద్రపు నీటిలో ఉంచి కడుపు ఖాళీ చేయిస్తారు. గ్రాముకు బాక్టీరియా 50,000 లోపు, 100 గ్రాములకు ఈ-కోలై 230 లోపు ఉండాలని నిబంధన. నదీముఖాల దగ్గర మేత తిని బలిసినవి తరచు వండే రకంగానే వస్తాయి. అందువల్ల వంటగది ఉన్న బసలో దిగినవారు కూరకో వేపుడుకో కనెత్సు-యో ముద్ర ఉన్నదే కొనాలి. రుచి దానిదే, ధరా తక్కువే. దాన్ని పచ్చిగా మాత్రం తినకూడదు.

పచ్చివాటి నిబంధనలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లెక్క లేదు. చాలామంది పెంపకందార్లు తమంతట తామే పరీక్ష చేయించుకుంటారు, అంతవరకే. శుద్ధి నీటిలో ఉంచినా ఈ వైరస్ తేలిగ్గా పోదు, నిమ్మరసానికి చావదు, చేతికి రాసుకునే శానిటైజర్‌కూ సరిగా లొంగదు. సబ్బు, నీళ్లే దిక్కు. లక్షణాలు సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో బయటపడతాయి. కాబట్టి పచ్చివి తినాలనుకుంటే ప్రయాణం మధ్యలో తినాలి. తిరుగు విమానం ముందురోజు రాత్రి తింటే ఆ వాంతులూ విరేచనాలూ ఆకాశంలో మొదలవుతాయి. వెచ్చని నీళ్లలో విబ్రియో బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి వేసవి ఇవగకికీ జాగ్రత్త అవసరమే. షుగరు, కాలేయ జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఏ కాలంలోనైనా పచ్చివి మానేయాలి. రొయ్యలు పడనివారు ఆయిస్టర్ల విషయంలోనూ డాక్టర్ని అడిగి వెళ్లాలి.

కారం సంగతి. కొన్ని గుడిసెల్లో మన పొడులు, సాసులు తెచ్చుకోనిస్తారు, అడిగి తీయాలి. కాల్చినదాని మీద చిటికెడు గుంటూరు కారం బాగానే ఉంటుంది. పచ్చిదాని మీద వేస్తే ఆయిస్టర్ రుచి చచ్చి కారమే మిగులుతుంది. దానికి పులుపు కలిపిన సోయా సాస్ పొంజు చాలు. హిరోషిమాలో కుండ అంచుకు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూసి ఉడికించే దొతె-నబె, ఒకాయామా వైపు హినసెలో పెనం మీద అట్టులా వేసే కకి-ఓకో మన నాలుకకు త్వరగా నచ్చుతాయి. హిరోషిమాలోనూ ఇలాంటి అట్లు వేస్తారు, వాటిలో పంది మాంసం మామూలే, తిననివారు ముందే చెప్పాలి.

మే నెల తప్ప సెలవు దొరకనివారికీ దారులున్నాయి. హిరోషిమా దగ్గరి మియాజిమా ద్వీపంలో కాల్చిన ఆయిస్టర్లు ఏడాది పొడవునా అమ్ముతారు. హిరోషిమావాళ్లు పెంచే ‘కకి కోమచి’ రకంలో క్రోమోజోములు మూడు జట్లు ఉంటాయి, అది గుడ్ల మీద బలం ఖర్చుపెట్టదు కాబట్టి వెచ్చని నెలల్లోనూ చిక్కదు. జపాన్ సముద్రంలోని ఓకి దీవుల్లో పెంచే ‘హరుకా’ ఇవగకి మార్చి నుంచే మొదలవుతుంది, కాకపోతే ఓడ ఎక్కాలి. ఉత్తరాన హొక్కైదోలో కుషిరో నుంచి గంటలోపు రైలు దూరంలో అక్కేషి ఉంది. చల్లని అఖాతం, దానికన్నా కాస్త వెచ్చని సరస్సు మధ్య ఆయిస్టర్లను మార్చుతూ పన్నెండు నెలలూ అమ్ముతారు. పెద్ద ఇవగకి ఒక్కోటి వెయ్యి యెన్లు దాటుతుంది, మనిషికి ఒకటి చాలు, కొట్లోనే ముక్కలుగా కోసిమ్మనాలి.

మీ ప్రయాణాల పేజీలో ఇకపై ఊరి పేరు పక్కన ఏ రకం, ఏ నెలలు అన్నది కూడా వేయించగలరని మనవి.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు