‘విల్’ ఒక్కటే నేర్పితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మా పక్కింటి అమ్మాయి మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. బతుకమ్మకు ఊరు వెళ్లాలని నెల ముందే సెలవు అడిగి పెట్టుకుంది, బస్సు టికెట్ కూడా తీసుకుంది. ఆ వారం అమెరికా నుంచి మాట్లాడిన మేనేజర్ శుక్రవారం ఉంటావా అని అడిగితే ‘ఐ విల్ గో టు మై విలేజ్’ అంది. ఆయనకు అది అప్పటికప్పుడు అనుకున్న మాటలా వినిపించింది, వచ్చే వారం వెళ్లరాదా అన్నాడు. పిల్ల టెన్షన్ పడి ఇంకేమీ చెప్పలేకపోయింది. సద్దుల బతుకమ్మ నాడు హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. ‘ఐ యామ్ గోయింగ్ టు మై విలేజ్ ఆన్ ఫ్రైడే’ అని ఉంటే, అన్నీ కుదుర్చుకున్నాక చెబుతోందని ఆయనకు తెలిసేది.

ఆ అమ్మాయికి పదో తరగతిలో ఇంగ్లీష్ చెప్పింది నేనే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బోర్డు మీద మూడు గళ్లు గీసి, భవిష్యత్తు గడిలో విల్, షల్ అని రాసేవాళ్లం. ‘ఐ’, ‘వుయ్’ వస్తే షల్, మిగతావాటికి విల్. ఈ సూత్రం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీష్ వ్యాకరణం నాటిది. ఇప్పుడు ఇంగ్లీష్ వాళ్లే షల్‌ను ఎక్కువగా ‘షల్ ఐ ఓపెన్ ద డోర్’ లాంటి ప్రశ్నల్లో వాడుతున్నారు. మన గైడ్లు మాత్రం దాన్ని వదల్లేదు.

జరగబోయేదాన్ని చెప్పడంలోని తేడాలన్నీ పిల్లల నోట్లో తెలుగులో ముందే ఉన్నాయి. ఫోన్ మోగితే ‘ఉండు, నేను తీస్తా’ అంటారు. అది ఆ క్షణాన అనుకున్న పని, ఇంగ్లీష్‌లో అక్కడ విల్ సరిపోతుంది. ‘ఐదింటికి డాక్టర్ దగ్గరికి పోతున్నం’ అంటే అపాయింట్‌మెంట్ అయిందన్నమాట. ఇంగ్లీష్ కూడా అక్కడ జరుగుతున్న పనిలాగే చెబుతుంది: ‘వుయ్ ఆర్ సీయింగ్ ద డాక్టర్ ఎట్ ఫైవ్’. రైలు ఆరింటికి బయల్దేరుతుందనడానికి ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’ చాలు, టైమ్‌టేబుల్‌లో ఉన్నదానికి విల్ అక్కర్లేదు. మబ్బు చూసి ‘వాన పడేటట్టుంది’ అంటామే, అది ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’.

‘గోయింగ్ టు’ గురించి ఇంకొంచెం చెప్పాలి. ‘డిగ్రీలో చేరబోతున్నాను’ అన్న మాటలోని ‘బోతున్నాను’ అసలు ‘పోతున్నాను’. ఇంగ్లీష్‌లో ‘గోయింగ్’ అన్నా పోవడమే. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు, చేయాలని ముందే నిశ్చయించుకున్న పనికి అదే క్రియను పట్టుకున్నాయి. ఈ మధ్య ట్యూషన్‌లో ఈ సంగతి చెబితే, వెనక కూర్చునే పిల్లలు కూడా సొంతంగా వాక్యాలు కట్టారు. సర్వీసులో ఉండగా ఇలా చెప్పలేకపోయానని నాకు బాధగా ఉంది.

తికమక వచ్చేది ‘వెళ్తాను’ దగ్గర. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను, రెండింటికీ ఒకే రూపం. అందుకే మన పిల్లలు ‘డైలీ ఐ విల్ గో టు స్కూల్’ అంటారు. ఎర్ర ఇంకుతో కొట్టేస్తే అది పోదు. తెలుగులో ఆ రూపం రెండు పనులు చేస్తుందని, ఇంగ్లీష్‌లో వాటికి వేర్వేరు రూపాలున్నాయని చూపిస్తే పోతుంది. అలాగే ‘వాడు వస్తే చెప్తా’లో ‘వస్తే’కు భవిష్యత్తు గుర్తేమీ లేదు. ‘ఇఫ్ హి కమ్స్’లోనూ విల్ ఉండదు.

2022-23 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు కూడా ఇచ్చారు. పాఠాలకు పనికొచ్చిన ఆ ఆలోచన ఇంగ్లీష్ వ్యాకరణానికి ఎందుకు పనికిరాదు? ఇంగ్లీష్ బోధన బాగుపడాలనే 1958లో మొదలైన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఈ ఊళ్లోనే ఉంది. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వారు అక్కడి అధ్యాపకులను కూర్చోబెట్టుకుని ఈ పాఠాలు రాయించాలి. పరీక్షలో కూడా వాక్యాన్ని భవిష్యత్ కాలంలోకి మార్చమనడం కాకుండా, ‘టికెట్ తీసుకున్నావు, స్నేహితుడికి ఎలా చెబుతావు’ అని అడగాలి.

ఇంగ్లీష్ క్లాసులో తెలుగు వినిపిస్తే పిల్లలు వెనకబడతారని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయంతోనే నేనూ చాలా ఏళ్లు తెలుగును క్లాసులోకి రానివ్వలేదు. ఆ పిల్లల్లో కొందరు తర్వాత అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫీజులు కట్టి ఇవే వాక్యాలు మళ్లీ నేర్చుకున్నారు.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోగా టీచర్లకు ఇచ్చే శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించమని విద్యాశాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ టీచర్,
మల్కాజిగిరి, హైదరాబాద్