బుజ్జికి, ఇంజన్ దించే ముందు

బుజ్జీ,

నీ టొయోటా బండిలో 3.0 లీటర్ల ఇంజన్ తీసి 3.4 లీటర్లది వేద్దామా అని అడిగావు. నువ్వు పంపిన కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) రీడింగులు చూశాను. నాలుగు సిలిండర్లు 160 దగ్గర బాగానే ఉన్నాయి, 4, 6 నంబర్లవి మాత్రం 90కి పడిపోయాయి. నీ వి6లో సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరసలు, సరి నంబర్లు మూడూ ఒకే హెడ్డు కింద వరసగా ఉంటాయి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి పడిపోయాయంటే రింగుల మీద కంటే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఒత్తిడి బయటికి పోకుండా ఆపే రేకు) మీదే నా అనుమానం. 1993 మోడల్ బండి మరి! హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేస్తే ఈ 3.0 ఇంజనే ఇంకొన్నేళ్లు లాగుతుంది. షెడ్డుకి వచ్చే కస్టమరుకైతే ఇదే చెబుతాను.

నీకు మాత్రం చెప్పను. శాక్రమెంటో నుంచి టాహో వెళ్లేటప్పుడు డానర్ సమ్మిట్ ఎక్కలేక మూడో గేరులో మూలుగుతోందన్నావు కదా, కూర్చుని లెక్క వేశాను. టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. ఆ రోడ్డు 7,200 అడుగుల దాకా ఎక్కుతుంది. నీ 3.0 కొత్తలో 150 హార్స్‌పవర్. పైకి వెళ్లేసరికి 120 కూడా మిగలదు. నువ్వు వేద్దామంటున్న ఫోర్‌రన్నర్ 3.4 కింద 183 ఇస్తుంది, పైన 143 దాకా. అంటే నీ పాత ఇంజన్ కొత్తలో కింద ఎంత లాగేదో ఇది ఆ కొండ మీద దాదాపు అంత లాగుతుంది. అందుకని మార్చెయ్. మీ అమ్మ "ఆ డబ్బుతో మంచి కారు కొనుక్కోమనండి" అంటోంది. నేను విననట్టు ఊరుకున్నాను.

నీ అదృష్టం, నీది వి6 బండి. దాంట్లో ఉన్న ఐదు గేర్ల ఆర్150ఎఫ్ బాక్సునే టొయోటా వాళ్లు తర్వాత 3.4కీ వాడారు. బోల్టు రంధ్రాలు కలుస్తాయి. అదే నాలుగు సిలిండర్ల 22ఆర్-ఈ బండి అయితే ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ కలిపే అడాప్టర్ ప్లేటైనా పెట్టాలి, గేర్‌బాక్సైనా మార్చాలి. మా రోజుల్లో ఆటోనగర్‌లో పెట్రోల్ జీపులకి డీజిల్ ఇంజన్లు ఎక్కించేటప్పుడు మా ప్రాణం తీసింది ఆ ప్లేటే. ఇంజన్ దించడం పెద్ద పనే కాదు. ప్లేటు లేత్ మీద కోయించి, ఫ్లైవీల్‌కి (ఇంజన్ వెనక తిరిగే బరువు చక్రం) సన్న తేడా చూపే డయల్ గేజ్ బిగించి, చేత్తో తిప్పుతూ, క్రాంకు (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) సెంటరూ గేర్‌బాక్సు షాఫ్టు సెంటరూ కలిసేదాకా చూసుకోవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా క్లచ్ వదిలేటప్పుడు బండి వణికేది, కొన్నాళ్లకి షాఫ్టు బేరింగు అరుపు మొదలెట్టేది. ఇంజన్ ఎంత మంచిదైనా ఆ కీలు దగ్గర తేడా వస్తే అంతా వృథా. నీకు ఆ బాధ లేదు కానీ కీలు మాత్రం అదే, అక్కడ తొందరపడకు.

3.4 ఇంజన్ కోసం నువ్వు చూసిన 1997 టొయోటా ఫోర్‌రన్నర్ బండి ఆటోమేటిక్ అన్నావు. ఆటోమేటిక్ బండి ఇంజన్‌కి క్రాంకు వెనక పైలట్ బేరింగు (గేర్‌బాక్సు షాఫ్టు కొసని పట్టే చిన్న బేరింగు) ఉండదు. కొత్తది కొట్టి, గ్రీజు పెట్టి, ఆ తర్వాతే ఫ్లైవీల్ ఎక్కించు. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే కొను, ఆటోమేటిక్ ప్లేటు బోల్టులు దీనికి వాడకు. కంప్యూటర్ కూడా మాన్యువల్ గేర్ల టకోమా (టొయోటా వాళ్ల ట్రక్కు) బండిది వెతుక్కో. ఆటోమేటిక్ బండి కంప్యూటర్ అయితే, నీ బండిలో లేని ఆటోమేటిక్ గేర్‌బాక్సు కోసం వెతుకుతూ చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తూనే ఉంటుంది. కుదిరితే ఒక్క ఇంజన్ కాదు, బండి మొత్తం కొను. వైరింగు కత్తిరించకుండా ప్లగ్గుల దగ్గర విప్పి, ఒక్కోదానికీ చీటీ కట్టి తియ్యి. మిగతా సామానంతా అమ్మేసుకోవచ్చు.

క్లచ్ ప్లేటు సెంటర్ చెయ్యడానికి ప్లాస్టిక్ టూలు వస్తుంది, అది చాలు. మేము పాత షాఫ్టు ముక్క వాడేవాళ్లం. గేర్‌బాక్సు ఇంజన్‌కి అంటుకోకుండా వేలెడు సందు మిగిలిపోతే బోల్టులు బిగించి లాక్కోకు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ముందు డొప్ప) బోల్టు చెవి విరుగుతుంది, లేదా క్లచ్ ప్లేటు నడిమి హబ్బు వంగుతుంది. వెనక్కి లాగి, గేరులో పెట్టి, వెనక షాఫ్టు కొంచెం తిప్పుతూ మళ్లీ తొయ్యి. సెంటర్ సరిగ్గా ఉంటే దానంతట అదే జారి టప్‌మని కూర్చుంటుంది. కింద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) కూడా ఉంది, బరువెక్కువ. నీ రూమ్మేటుని ఒకరిని పిలువు. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరావంటే ఊరుకోను.

3.4 పడుతుందో లేదో తెలియాలి కాబట్టి, ఇంజన్ దించక ముందే ఆయిల్ చాంబరుకీ ముందు డిఫరెన్షియల్‌కీ మధ్య ఎంత సందు ఉందో, వెనక ఎగ్జాస్ట్ పైపుకీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) మధ్య ఎంత ఉందో కొలిచి రాసుకో.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. మీ కాలిఫోర్నియాలో పొగ నియమాలు చూసే స్మాగ్ రెఫరీ అని ఒకరున్నారు, ఆయన చూసి లేబుల్ అంటించాలి. బండి ఏ ఏడాదిదో ఇంజన్ కూడా ఆ ఏడాదిదో, దాని తర్వాతిదో కావాలి. నీ బండి 1993ది, ఇంజన్ 1997ది కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఆ ఇంజన్‌తో పుట్టిన పొగ సామానంతా రావాలి: క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, బొగ్గు డబ్బా (పెట్రోలు ఆవిరిని పట్టేది), ఓబీడీ-2 పోర్టు (కంప్యూటర్‌ని పరీక్షించే ప్లగ్గు). డబ్బు కట్టే ముందు ఆ ఫోర్‌రన్నర్ బానెట్ కింది లేబుల్ చదువు, కాలిఫోర్నియా సర్టిఫికేషన్ అని ఉందో లేదో. లేకపోతే వదిలెయ్, ఇంకోటి దొరుకుతుంది. రెఫరీ దగ్గరికి వెళ్లబోయే ముందు బ్యాటరీ విప్పకు. కంప్యూటర్ సొంతంగా చేసుకున్న పరీక్షలన్నీ చెరిగిపోయి, మళ్లీ కొన్నాళ్లు తిప్పితే గానీ రెడీ కాదు.

ఆ బానెట్ లేబుల్ ఫోటో, టైమింగ్ బెల్టు కవరు తీసి బెల్టు ఫోటో నాకు పంపు. ఆ బెల్టు 90,000 మైళ్లకి మార్చాల్సింది. అమ్మేవాడు మార్చానని చెప్పినా నమ్మకు, ఇంజన్ బయట ఉన్నప్పుడే బెల్టూ వాటర్ పంపూ వేసెయ్. ఆదివారం ఫోన్ చెయ్యి, మీ అమ్మ పడుకున్నాక మాట్లాడదాం.

మీ నాన్న