జంట భరిణల విషయంలో జరిగింది ఇదీ

ఈ ఫ్రెండ్‌షిప్ డేకి మన మల్లేశ్వరం కొట్లో జంట భరిణలు కొన్న 31 మందికి ముందుగా క్షమాపణ. మీకు నేను అమ్మినవి జంటలు కావు.

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. బొమ్మలు చేసే మెత్తటి అంకుడు కర్ర ఒకదాన్నే మధ్యకు అడ్డంగా కోసి, ఆ కోత రెండు భరిణలకూ అడుగు అయ్యేలా లేత్ మీద తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. అడుగున మాత్రం రంగు వెయ్యరు. రెండింటినీ బోర్లించి పక్కపక్కన పెడితే కర్రలోని వలయాలు అద్దంలో చూసినట్టు కలుస్తాయి. ఒకటి మీ దగ్గర ఉంటుంది, ఒకటి మీ నేస్తం దగ్గర.

ఈ ఆలోచన నాకు ఎలా వచ్చిందో పాతవాళ్ళకు తెలుసు. ఎలమంచిలిలో ఏడో క్లాసులో ఉండగా నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయింది. నేనూ నా స్నేహితురాలూ ఏటికొప్పాక లక్కపిడతల్లో ఒక కుండను పంచుకున్నాం. కుండ నాకు, మూత తనకు. నా క్యాష్ కౌంటర్ మీద ఉన్నది అదే. మూత ఏదని అడుగుతుంటారు కదా, మూత అనకాపల్లిలో ఉంది.

ఈసారి 240 జతలు ఆర్డరిచ్చాను. ఎనిమిదేళ్ళుగా మనకు చేసే ఆయనే. అడుగుల మీద కూడా రంగుంటే, కొత్త రకమేమో అనుకుని అమ్మేశాను. అది నా తప్పే. 31 జతలు వెళ్ళాక అనుమానమొచ్చి దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దాను. లక్కయితే కరిగి దూదికి అంటుకోవాలి. అంటలేదు. అది పెయింటు. అడుగు గీకి చూస్తే రెండూ వేర్వేరు కర్రలు, ఒకటి అసలు అంకుడే కాదు. ఫోన్ చేస్తే, ఎండిన కర్ర దొరకలేదమ్మా, అడుగు ఎవరు చూస్తారు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. మనం అమ్మేదే ఆ అడుగు! ఆయన పేరూ ఊరూ చెప్పను. ఆ ఊళ్ళో నిజాయితీగా చేసేవాళ్ళే ఎక్కువ. అడ్వాన్సు తిరిగి రాలేదు, ఆయనకు మళ్ళీ ఆర్డరూ ఇవ్వను.

మిగిలిన 209 జతలను మామూలు డబ్బాలుగా తక్కువ ధరకు అమ్మెయ్యమని మా ఇంట్లో అన్నారు. ఒప్పుకోలేదు. దాని మీద పెద్దగా ఆలోచించలేదు కూడా. నాకు నిద్ర పట్టనివ్వనిది మీ 31 మంది సంగతే. మీలో చాలామంది అప్పటికే సగం జత ఇచ్చేసి ఉంటారు. అది జత కాదని ఇప్పుడు మీకు చెప్తే, ఇచ్చిన సంతోషం పోతుంది. చెప్పకపోతే మీ స్నేహాల మధ్య నా అబద్ధం ఒకటి అలా ఉండిపోతుంది. నాలుగు రోజులు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. ఐదో రోజు ఒకావిడకు చేశాను. ఆవిడ విని, “మా ఫ్రెండ్ దాంట్లో వాళ్ళమ్మ ముక్కుపుడక దాచుకుంది అక్కా, ఇప్పుడు ఏ కర్రయితే ఏంటి, తను ఇవ్వదు” అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఆ భరిణ ఆవిడ స్నేహితురాలి దగ్గరే ఉండనివ్వండి, నేను బాకీ పడ్డ జత మాత్రం ఇచ్చి తీరతాను.

అందుకని 31 మందికీ డబ్బు వాపసు, ఆ పైన అసలు జత ఉచితం. బిల్లు అక్కర్లేదు, పాతవి తిరిగివ్వక్కర్లేదు. అవి ఏ పెయింటో నాకు తెలీదు కాబట్టి పసిపిల్లల నోటికి మాత్రం అందనివ్వకండి.

కొత్తవి ఏటికొప్పాకలో ఒక కుటుంబం చేస్తోంది. పసుపు, నీలి మొక్క, జాఫ్రా గింజల నుంచి తీసే రంగులు. కర్ర బాగా ఆరాకే లేత్ ఎక్కించాలి, తొందరపెడితే పగుళ్ళిస్తుంది. దసరా బొమ్మల కొలువు నాటికి రావాలి. ఆలస్యమైతే ఆలస్యమే, ఇంకెక్కడా తేను. జత ధర అదే, 650 రూపాయలు. ఇకనుంచి రెండు అడుగులూ మీ చేత్తో మీరే పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే బిల్లు వేస్తాను.