ఆ డబ్బా మా తమ్ముడి దగ్గరే ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గ్లాకోమా వల్ల మా తమ్ముడికి చూపు పోయి పదేళ్ళయింది. బీపీకి ఒకటి, సుగరుకి ఒకటి రోజూ మాత్రలు వేసుకుంటాడు. గుర్తు కోసం బీపీ స్ట్రిప్పుకి ఒక రబ్బరు బ్యాండు, సుగరు స్ట్రిప్పుకి రెండు చుట్టుకుంటాడు. ఒకరోజు రెండింట్లో ఒక బ్యాండు తెగిపోయింది. బీపీ మాత్ర అనుకుని సుగరు మాత్రే రెండోసారి వేసుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు పట్టి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. పంచదార నీళ్ళు తాగించి, వాడు మళ్ళీ మాట్లాడేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

అందుకే మా జిల్లాలోని ఒక కాలేజీలో వికలాంగుల కోసం హ్యాకథాన్, అంటే విద్యార్థులు జట్లుగా కూర్చుని రెండు రోజుల్లో పనికొచ్చే వస్తువు తయారుచేసే పోటీ, అని తెలియగానే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. రెండు రోజులూ ఆ పిల్లలు సరిగ్గా నిద్ర కూడా పోలేదు. కెమెరా, స్పీకరు, చిన్న కంప్యూటరు బోర్డు కలిపి ఒక ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో అమర్చారు. దాని ముందు స్ట్రిప్పు పెడితే చదివి వినిపిస్తుంది. మొదటిసారి అది కంపెనీ అడ్రసు, లైసెన్సు నంబరు అన్నీ చదివి, మందు పేరు ఎక్కడో చివర్లో చెప్పింది. "ముందు మందు పేరు చెప్పించండి బాబూ, తర్వాత గడువు తేదీ. షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చినప్పుడు తేదీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. అప్పుడు తేదీ లేదని చెప్పించండి" అన్నాడు మా తమ్ముడు. ఆ పిల్లలు వెంటనే కూర్చుని మార్చారు. వాడు పక్కన లేకపోతే ఈ మాట వాళ్ళకి చెప్పేవాళ్ళే లేరు.

ఇక భాష. డబ్బా మొదట ఇంగ్లీషు మాట్లాడింది, తర్వాత ఒడియా. వాడికి ఒడియా బాగానే వచ్చు. కానీ రాత్రి నిద్రమత్తులో మాత్ర వెతుక్కునేటప్పుడు చెవికి సొంత భాష కావాలి కదా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం తెలుగువాళ్ళ వైపే ఉండిపోయింది. ఇళ్ళలో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది ఈ ఊళ్ళో ఉండగానే. ఆయన ఇక్కడి సవర గిరిజనుల పిల్లల కోసం సవరలో వాచకాలు కూడా రాశారు. జట్టులోని ఒక అమ్మాయి ఉచితంగా దొరికే తెలుగు కంప్యూటరు గొంతు వెతికి పెట్టింది. "ఇది సుగరు మాత్ర" అని డబ్బా తెలుగులో చెప్పగానే మా తమ్ముడు నవ్విన నవ్వు నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

సాయంత్రం బహుమతులు ఇచ్చారు, ఫోటోలు తీశారు. డబ్బా మాత్రం విద్యార్థుల ప్రాజెక్టు కాబట్టి కాలేజీలోనే ఉండాలన్నారు. రెండు నెలలయింది. అది అక్కడ బీరువాలో ఉంది. మా తమ్ముడు మళ్ళీ రబ్బరు బ్యాండ్లతోనే నెట్టుకొస్తున్నాడు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. ఈ పద్ధతే నాకు బాధ కలిగిస్తోంది.

కాలేజీల పెద్దలకూ జిల్లా అధికారులకూ నా విన్నపం ఒక్కటే. తయారైన వస్తువు ఆ సాయంత్రమే వాడే మనిషి చేతికి వెళ్ళాలి. కాలేజీకి కావాలంటే ఇంకొకటి చేసుకోవచ్చు. పాడైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా అప్పుడే చెప్పాలి. వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం అడిప్ 1981 నుంచి ఉంది. దాని కింద శిబిరాల్లో ట్రైసైకిళ్ళు, వినికిడి యంత్రాలు ఇస్తున్నారు, సంతోషం. కానీ మా వీధిలో ఒక ట్రైసైకిలు గొలుసు తెగి ఏడాదిగా అరుగు పక్కనే పడి ఉంది. మన ఐటీఐ కుర్రాళ్ళకీ ఫోన్ రిపేరు షాపుల వాళ్ళకీ కొంచెం నేర్పిస్తే ఇలాంటివి ఊళ్ళోనే బాగవుతాయి. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌ని 2006లో మొదలుపెట్టాడు. అది ఈనాటికీ ఉచితమే, కొత్త వెర్షన్లూ వస్తూనే ఉన్నాయి. మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో వదిలేయలేదు కాబట్టే అది ఇంతమందికి అందింది.

వచ్చే హ్యాకథాన్‌కి కూడా మా తమ్ముణ్ణి తీసుకెళ్తాను. ఈలోగా ఆ బీరువా తాళం తీసి డబ్బా మాకు ఇప్పించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా