కలెక్టర్ గారూ, నోబుల్ బడి 200 ఏళ్లకి ఇప్పుడే మొదలుపెడదామా?

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 1843లో రాబర్ట్ నోబుల్ దొర బందరులో తెరిచిన మిషన్ బడి, తర్వాత నోబుల్ కాలేజీ అయిన ఆ బడికి 2043లో 200 ఏళ్లు. ఇంకా చాలా టైముంది కదా అంటారేమో. స్టేజీ, షామియానా సంగతైతే నిజమే, వారం చాలు. నేనడిగేది కాగితాల గురించి.

1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకుంటే ఊళ్లో పెద్ద గొడవై, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ. అయినా మూతపడలేదు, పిల్లలు మళ్లీ వచ్చారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది పోయారు. మరుసటి ఏడాదే నోబుల్ ఈ ఊళ్లోనే కన్నుమూశారు. అప్పుడూ బడి ఆగలేదు.

ఈ కథలో చర్చి వాళ్లెంతో, పిల్లల్ని పంపిన హిందూ, ముస్లిం కుటుంబాలూ అంతే. అందుకే ఇది ఒక్క చర్చి పండగ కాదు, ఊరి పండగ.

మా ఇంట్లో తాతగారి సర్టిఫికెట్టు ఉప్పుగాలికి పొడిపొడి అయిపోయింది. ఇలాంటివి ఎన్ని ఇళ్లలో మిగిలాయో! మీ ఆఫీసు తరఫున రెండు స్కానర్లు, ఇద్దరు మనుషులు, నెలకో ఆదివారం ఇప్పించండి. పాత ఫొటోలు, సర్టిఫికెట్లు, ఉత్తరాలు జనమే తెస్తారు. స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి, లేకపోతే ఎవరూ ఇవ్వరు. మొదటి ఆదివారం టీ, బందరు లడ్డు ఖర్చు నాది.

ఇట్లు,
బందరు వాసి