తీవ్ర ఉబ్బసం, శ్వాసనాళాల బ్యాక్టీరియా: ఆ పరిశోధన బిళ్లలు కొనుక్కోమనలేదు

సంపాదకులకు,

అయ్యా,

తీవ్ర ఉబ్బసానికి శ్వాసనాళాల్లోని బ్యాక్టీరియాయే కారణమని, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో దాన్ని అదుపు చేయవచ్చని మీ ఆరోగ్యం పేజీలో ఇటీవల వచ్చిన కథనం రెండు ముక్కల్లో తేల్చేసింది. పరిశోధనలు జరిగిన మాట నిజం, ఆ మందు కొందరికి మేలు చేసిన మాటా నిజం. కానీ ఎవరికి, ఏ పరీక్షల తర్వాత, ఎంత మేరకు అన్న వివరాలు వదిలేసి మందు పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తే, డాక్టరు చీటీ లేకుండానే ఆ బిళ్లలు దొరికే మన ఊళ్లలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. డిగ్రీ కళాశాలలో చాలాకాలం సూక్ష్మజీవశాస్త్రం బోధించినవాడిగా కొన్ని విషయాలు పాఠకుల ముందుంచదలచాను.

ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల లోపల సూక్ష్మజీవులు ఉండవన్నది దశాబ్దాలపాటు అందరూ నమ్మిన మాట. 2007లో అమెరికాలో మొదలైన మానవ సూక్ష్మజీవుల ప్రాజెక్టు కూడా తొలుత ఊపిరితిత్తులను లెక్కలోకి తీసుకోలేదు. 2010లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు శ్వాసనాళాల లోపలి పొర నుంచి సన్నని బ్రష్షుతో నమూనాలు తీసి, వాటిలోని బ్యాక్టీరియా జన్యువులను చదివినప్పుడు, జబ్బు లేనివారి శ్వాసనాళాల్లోనూ బ్యాక్టీరియా సమూహాలు కాపురం ఉంటున్నాయని తేలింది. ఆరోగ్యవంతుల్లో ప్రెవోటెల్లా వంటివి ఎక్కువగా కనిపించగా, ఉబ్బసం ఉన్నవారిలో హీమోఫిలస్ వంటివి పెరిగి ఉన్నాయి. కాబట్టి బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఏ జాతి ఎంత పాళ్లలో ఉంది, ఏది మిగతావాటిని అణచి పైచేయి సాధించింది అన్నదే చూడవలసినది.

ఇంతకాలం ఈ సంగతి కంటబడకపోవడానికి మన ప్రయోగశాలల పద్ధతి ఒక కారణం. కళ్లెను పళ్లెంలోని అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ వంటి పదార్థం) మీద గీసి, 37 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచి, మొలిచినదాన్ని బట్టి జబ్బును నిర్ణయించడం పాత పద్ధతి. హీమోఫిలస్ మామూలు అగార్ మీద పెరగదు. రక్తాన్ని వేడిచేసి కలిపిన చాక్లెట్ అగార్ మీద వేస్తే బూడిదరంగు మంచుబిందువుల్లా మెరుస్తూ మొలుస్తుంది. మామూలు రక్తపు అగార్ మీదైతే, పక్కన స్టాఫిలోకాకస్ గీత ఒకటి గీసినప్పుడు, అది విడుదల చేసే పోషకాన్ని ఆసరా చేసుకొని ఆ గీత వెంట మాత్రమే చిన్నచిన్న చుక్కలుగా కనిపిస్తుంది. ప్రెవోటెల్లాకు ఆక్సిజన్ గిట్టదు గనుక గాలి ఉండే మామూలు ఇంక్యుబేటర్ పెట్టెల్లో అది మొలవనే మొలవదు. చివరకు రోగి చేతికి వచ్చే రిపోర్టులో ‘నార్మల్ ఫ్లోరా’ (మామూలుగా ఉండే సూక్ష్మజీవులే) అనే ఒక్క ముక్క ఉంటుంది. ఏయే జాతులు ఎంతెంత పాళ్లలో ఉన్నాయన్న సమాచారమంతా ఆ ఒక్క ముక్క కింద మరుగున పడిపోతుంది. బ్యాక్టీరియా జాతులను గుర్తుపట్టడానికి వాటిలోని 16ఎస్ అనే జన్యువును చదివే పద్ధతి వచ్చాకే అది బయటపడింది.

తీవ్ర ఉబ్బసమంతా ఒకే జబ్బు కాదన్నది మీ కథనం పూర్తిగా వదిలేసిన విషయం. కొందరి కళ్లెలో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు ఎక్కువగా ఉంటాయి. వీరికి పీల్చే స్టెరాయిడ్లు సాధారణంగా బాగా పనిచేస్తాయి. మరికొందరిలో న్యూట్రోఫిల్ అనే మరో రకం తెల్లరక్తకణాలు ఎక్కువ. మందు మోతాదు ఎంత పెంచినా వీరిలో చాలామందికి ఆయాసం, పిల్లికూతలు ఒక పట్టాన తగ్గవు. హీమోఫిలస్, మొరాక్సెల్లా పెత్తనం చేస్తూ, మిగతా జాతుల వైవిధ్యం తగ్గిపోయినట్లు కనిపించింది ప్రధానంగా ఈ రెండో రకం వారిలోనే. అయితే ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు, మధ్యమధ్య మింగిన యాంటీబయాటిక్‌లు కూడా ఆ సమూహాల కూర్పును మార్చగలవు కాబట్టి, ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇంకా తేలలేదు. పుట్టిన నెలకే గొంతులో ఈ జాతులు చేరిన పసిపిల్లలకు ఐదేళ్ల వయసుకు ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువని 2007లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు చూపారు. హీమోఫిలస్ పారాఇన్‌ఫ్లుయెంజా సమక్షంలో కణాలపై స్టెరాయిడ్ ప్రభావం మందగిస్తుందని 2013లో డెన్వర్ పరిశోధకులు చూపారు. బ్యాక్టీరియా పాత్రను అనుమానించడానికి ఇవి బలమైన ఆధారాలే. తీర్పు చెప్పడానికి మాత్రం చాలవు.

ఇక మందు విషయం. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, ఇన్‌హేలర్లు వాడుతున్నా ఉబ్బసం అదుపులోకి రాని 420 మంది పెద్దలలో కొందరికి అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు వారానికి మూడుసార్లు చొప్పున 48 వారాలు, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చారు. జబ్బు ఉద్ధృతమయ్యే సందర్భాలు ఏడాదికి మనిషికి సగటున ఉత్తుత్తి బిళ్లలు వాడినవారిలో 1.86 ఉండగా, అజిత్రోమైసిన్ వాడినవారిలో 1.07 మాత్రమే ఉన్నాయి. ఇది చిన్న మేలు కాదు. కానీ వినికిడి లోపం ఉన్నవారిని, ఈసీజీలో ఒక రకమైన తేడా ఉన్నవారిని ముందే పక్కన పెట్టారు. ఇసినోఫిల్ రకం వారికీ ఈ మందు మేలు చేసింది. పైగా దానికి బ్యాక్టీరియాతో నిమిత్తం లేకుండా వాపును తగ్గించే గుణం కూడా ఉంది. అందువల్ల మందు పనిచేసింది కనుక బ్యాక్టీరియాయే కారణమనడం తర్కానికి నిలవదు. అదే రోగుల కళ్లెను తర్వాత పరీక్షించినప్పుడు హీమోఫిలస్ తగ్గినా, మందును లెక్కచేయని శక్తిని బ్యాక్టీరియాకు ఇచ్చే జన్యువులు పెరిగాయి.

మన దేశంలో ఈ చివరి మాటకు బరువు ఎక్కువ. ఇక్కడ ప్రైవేటు రంగంలో అత్యధికంగా అమ్ముడయ్యే యాంటీబయాటిక్‌లలో అజిత్రోమైసిన్ 500 బిళ్ల ఒకటి. ఎర్రగీత ఉన్న స్ట్రిప్పును చీటీ లేకుండా ఇవ్వకూడదని నిబంధన ఉన్నా, దగ్గు, ఆయాసం అంటే చాలు మెడికల్ షాపులో మూడు బిళ్లల స్ట్రిప్పు చేతిలో పెడతారు. మూడు రోజుల ఆ కోర్సుకూ, నిపుణుడి పర్యవేక్షణలో నెలల తరబడి సాగే చికిత్సకూ పోలికే లేదు. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు సైతం ఈ మందును చివరి మెట్టులో, పెద్దలకు మాత్రమే, ఈసీజీ తీసి, కళ్లెలో క్షయేతర మైకోబ్యాక్టీరియా (క్షయ క్రిమికి బంధువులైన ఇతర బ్యాక్టీరియా) లేదని చూశాకే పరిశీలించమంటున్నాయి. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం బారులు తీరే జనాన్ని చూసినవారికి, ఆయాసంతో విసిగిన మనిషి ఏ ఆశకైనా చేయి చాస్తాడని తెలుసు. పత్రికలో మందు పేరు కనబడితే అతను షాపుకు పోడని ఎలా అనుకోగలం?

కళ్లెలో ఏ కణాలు ఎక్కువో లెక్కించడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు; సూక్ష్మదర్శిని, తర్ఫీదు పొందిన టెక్నీషియన్ ఉంటే చాలు. ఈ పరీక్షను ప్రభుత్వ వైద్య కళాశాలల ఛాతీ విభాగాల్లో మామూలుగా చేసేలా చూడాలని వైద్య విద్యాశాఖను కోరుతున్నాను. మీ పత్రికకు నా విన్నపం ఇంకా చిన్నది: ఆ కథనానికి వివరణ ప్రచురిస్తూ, ఇన్‌హేలర్‌ను కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టి, స్టెరాయిడ్ మందైతే తర్వాత నోరు పుక్కిలించే విధానాన్ని బొమ్మలతో సహా అదే పేజీలో వేయగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ